ఈస్టర్ బల్ల మీద ఒక చిన్న తోట

(ఒడిశాలోని పర్లాకిమిడిలో స్త్రీల సమాజం కూడికలో ఒక అక్క చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ వందనాలు. వెనక కూర్చున్న వాళ్లకి వినబడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువైతే చెప్పండి, ఒకటి ఆపిద్దాం. పిన్నిగారూ, మీరు ముందుకొచ్చి కూర్చోండి. ఇవాళ మాటల కంటే చూపించాల్సినవి ఎక్కువ ఉన్నాయి.

ఈస్టర్ రోజు భోజనాల బల్ల మధ్యలో పెట్టే అలంకరణ గురించి చెప్పమని అమ్మగారు అడిగారు. దీన్ని ఇంగ్లీషులో సెంటర్ పీస్ అంటారు. తెలుగులో ఏమనాలి అని నిన్న మా కోడలు అడిగింది. బల్ల మధ్య పెట్టేది, అంతే. నలుగురికీ అర్థమయ్యే మాట ఉండగా ఇంకో మాట వెతకడం ఎందుకు? వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మనది. మన ఊళ్లో మనం వాడుక మాటే వాడదాం.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. పోయిన ఈస్టర్‌కి మీ ఇంట్లో బల్ల మీద ఏముంది? చెప్పండి, మొహమాటం వద్దు. ప్లాస్టిక్ పూలు. ఇంకా? థర్మాకోల్ గుడ్లు. సరే. ఇంకెవరైనా? కేకు డబ్బా. మంచిది. ఎవర్నీ తప్పు పట్టడానికి అడగలేదమ్మా. పండుగ ముందు మనకి ఎంత పని ఉంటుందో నాకు తెలుసు. శుక్రవారం ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన, ఉపవాసం. శనివారం పిండివంటలు, బట్టల ఇస్త్రీ. ఆదివారం తెల్లవారకముందే సమాధుల దగ్గరికి వెళ్లాలి. ఇక అలంకరణ ఎప్పుడు చేస్తాం? శనివారం రాత్రి పదింటికి బజారుకి మనిషిని పరిగెత్తిస్తాం, వాడు ఏది దొరికితే అది తెస్తాడు. మూడు వందలో నాలుగు వందలో అవుతుంది, సోమవారానికి దుమ్ము పడుతుంది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఈస్టర్ బల్ల పని శనివారం రాత్రి మొదలుపెట్టే పని కాదు. పది రోజుల ముందు రెండు గుప్పిళ్ల గింజలు నానబోయడంతో మొదలవుతుంది. మొదలుపెట్టాక మీరు చేసేది రోజుకి ఐదు నిమిషాలు కూడా ఉండదు. ఎక్కువ పని ఆ గింజలే చేసుకుంటాయి.

ఈ చేట చూడండి. ఇది నేను ముందుగా తయారుచేసి తెచ్చాను. అందరూ ఒకసారి చూసి పక్కవాళ్లకి అందించండి, కాస్త జాగ్రత్త, తడిగా ఉంది. కనబడుతోందా? పచ్చగా మొలిచింది గోధుమ. మధ్యలో పక్కకి పడుకోబెట్టింది ముంత. మూతి పగిలిన ముంత, పారేద్దామని పెరట్లో పెట్టింది. మూతి పక్కన గుండ్రటి రాయి, అది మన మహేంద్రతనయ ఏట్లోంచి తెచ్చింది. ముంత లోపల చెయ్యి పెట్టి చూడండి. ఏముంది? మడత పెట్టిన తెల్ల గుడ్డ. అంతే కదా? ఇంకేమీ లేదు. ఖాళీ సమాధి.

యోహాను సువార్త తెరిచి 19వ అధ్యాయం చివర చూడండి. యేసు ప్రభువుని సిలువ వేసిన చోట ఒక తోట ఉంది, ఆ తోటలో కొత్త సమాధి ఉంది అని రాసి ఉంటుంది. సమాధి ఎక్కడుంది? తోటలో ఉంది. 20వ అధ్యాయానికి వస్తే, మగ్దలేనే మరియ తెల్లవారకముందే అక్కడికి వెళ్లింది. వెనక్కి తిరిగి ప్రభువుని చూసి కూడా గుర్తుపట్టలేదు. ఎవరనుకుంది? తోటమాలి అనుకుంది. ఎన్నేళ్లుగానో చదువుతున్నాను ఆ మాట, ఈ చేటలో గోధుమ పెంచడం మొదలుపెట్టాకే అది నా మనసుకి పట్టింది. మట్టి చేతులతో ఉన్న మనిషిలా కనబడ్డాడు ఆయన ఆమెకి. మరి మన పండుగ బల్ల మీద ఒక తోట ఉండొద్దా?

ఇప్పుడు ఎలా చెయ్యాలో చెబుతాను, రాసుకునే వాళ్లు రాసుకోండి.

ఈ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 5. నిరుడు ఏప్రిల్ 20న వచ్చింది. ఏటా తారీఖు మారుతుంది కాబట్టి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. మార్చి 21 గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి చూసుకుని, ఆ తర్వాతి ఆదివారం. అంటే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు. ఈసారి 5 కాబట్టి, వచ్చే గురువారం, 26వ తారీఖు రాత్రి గోధుమలు నానబొయ్యండి. కిరాణా కొట్టులో దొరికే మామూలు గోధుమలు చాలు. విత్తనాల కొట్టులో కొనొద్దు, వాటికి మందు పట్టించి ఉంటుంది, పిల్లలు చేతులు పెట్టే పని ఇది. గోధుమ లేకపోతే చోళ్లు, అదే రాగులు. మన కొండ మీద ఊళ్లలో అందరిళ్లలో చోళ్లుంటాయి, సన్నగా అందంగా మొలుస్తాయి. వడ్లు మాత్రం ఆలస్యంగా వస్తాయి, పండుగకి అందవు.

చేట అడుగున అడ్డాకులు రెండు వరసలు పరవండి. ఆకుల కింద పాత ప్లాస్టిక్ సంచి ముక్క వేస్తే బల్ల తడవదు. పైన రెండు వేళ్ల మందం మట్టి, కాస్త పశువుల ఎరువు కలిపితే మంచిది. ముంతని ఆ మట్టిలో సగం పూడ్చండి. నానిన గోధుమల్ని గింజ పక్కన గింజ, చోటు విడవకుండా పరవండి. పలచగా చల్లితే బట్టతలలా అక్కడక్కడా వస్తుంది. తడిగుడ్డ కప్పి రెండు రోజులు నీడలో ఉంచండి. మొలక తెల్లగా కనబడగానే గుడ్డ తీసి వెలుగున్న కిటికీ దగ్గర పెట్టండి, ఎర్రటి ఎండలో పెట్టకండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు చిలకరించాలి. పొయ్యకూడదు, చిలకరించాలి. పోస్తే కుళ్లిపోయి వాసనొస్తుంది. తొమ్మిదో రోజుకి ఇదిగో, ఇంత ఎత్తు, నాలుగు వేళ్లు వస్తుంది.

పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు మొలిపించడం మీరంతా చూసినదే. చేతికి అలవాటున్న పనే ఇది, కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు.

రాయి సంగతి చెప్పాలి. దీన్ని పిల్లల చేత చేయించండి. శుక్రవారం ఆరాధన నుంచి వచ్చాక, సాయంత్రం, పిల్లలు తెల్లగుడ్డని ముంతలో పెట్టి రాయి అడ్డం పెడతారు. శనివారం దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆదివారం చీకటితో సమాధుల దగ్గరికి బయల్దేరే ముందు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు ఆ రాయిని పక్కకి దొర్లిస్తారు. మా మనవరాలికి అప్పుడు నాలుగేళ్లు. మొదటిసారి దాని చేత దొర్లించాను. రాయి తీసి, లోపలికి తొంగి చూసి, గుడ్డ బయటికి తీసి, మళ్లీ చెయ్యి పెట్టి వెతికింది. "మామ్మా, ఎవరూ లేరు" అంది. దానికి ఎవరూ చెప్పలేదు అలా అనమని. సండే స్కూల్లో పది వారాలు చెప్పిన పాఠం దానికి ఆ ఒక్క క్షణంలో అందింది. ఆ తర్వాత నేను ఈ తోట లేకుండా ఏ ఈస్టరూ చెయ్యలేదు.

సరే, తర్వాత మట్టలు.

29వ తారీఖు మట్టల ఆదివారం, ప్రభువు యెరూషలేముకి వచ్చినప్పుడు జనం మట్టలతో స్వాగతం చెప్పిన రోజు. గుడి నిండా మట్టలు. పిల్లలు హోసన్నా అంటూ ఊరేగుతారు. ఆ మధ్యాహ్నానికి ఆ మట్టలన్నీ ఎక్కడుంటాయి? గోడ వారన, గేటు దగ్గర, మేకల నోట్లో. కొన్ని సంఘాల్లో వాటిని దాచి, మరుసటి ఏడు, ఈస్టర్ ముందటి శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారానికి కాల్చి బూడిద చేస్తారు. ఆ అలవాటు లేని వాళ్లం మనం మరి ఏం చెయ్యొచ్చు? ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆయనకి స్వాగతం చెప్పిన ఆకే ఆయన లేచిన రోజు మన బల్ల మీద ఉంటుంది.

ఈత ఆకు గుచ్చుకుంటుంది, తాటాకు పిల్లల చేతికి బిరుసు. కొబ్బరాకు అన్నిటికంటే సులువు. ఇంటికి రాగానే తడిగుడ్డలో చుట్టెయ్యండి, మన ఎండకి రెండు గంటలు వదిలేస్తే విరిగిపోతుంది. ఈనె తీసేసి, వేలంత వెడల్పు రిబ్బన్లు చీల్చండి. ఎనిమిది నిలువు, ఎనిమిది అడ్డం. ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి, చాప అల్లినట్టే. అంచులు వెనక్కి మడిచి లోపలికి దూర్చండి. అరచేయంత చాప వస్తుంది. దాని మీద గుడ్ల గిన్నె పెట్టుకోవచ్చు, నీళ్ల గ్లాసు పెట్టుకోవచ్చు. నాలుగు రోజుల్లో పచ్చదనం పోయి గంధం రంగుకి తిరుగుతుంది, అప్పుడు ఇంకా బాగుంటుంది.

అదే ఆదివారం మధ్యాహ్నం ఇంకో పని చేసుకోండి. ఆమ్లెట్ వేసుకున్న గుడ్డు పెంకులు ఉంటాయి కదా, సగం సగం. కడిగి, అడుగున సూదితో చిల్లు పెట్టి, మట్టి నింపి, పైన ఆవాలు గానీ మెంతులు గానీ చల్లండి. ఏడు రోజులు చాలు వాటికి. ఆదివారం చల్లితే ఆదివారానికి సిద్ధం. ఇవి ఒక్కో విస్తరి దగ్గర ఒక్కోటి పెట్టొచ్చు.

ఇక గుడ్ల రంగులు. అందరూ దీని కోసమే వచ్చారని నాకు తెలుసు.

ఈస్టర్‌కీ గుడ్డుకీ ఏమిటి సంబంధం అని పిల్లలు అడుగుతారు. మూసిన పెంకు సమాధి లాంటిది, లోపల్నుంచి పిల్ల పగలగొట్టుకుని వస్తుంది, అది ఒక అర్థం. ఇంకోటి, పూర్వం యూరప్‌లో శ్రమకాలం నలభై రోజులూ గుడ్డు తినేవాళ్లు కాదు. మనుషులు ఉపవాసం ఉంటే కోళ్లు ఊరుకుంటాయా? అవి పెడుతూనే ఉంటాయి. పండుగ నాటికి ఇంటినిండా గుడ్లే. తూర్పు దేశాల ఆర్థొడాక్స్ సంఘాల వాళ్లు ఈనాటికీ వాటిని ఎర్రగా రంగేస్తారు, ప్రభువు రక్తానికి గుర్తుగా. ఇంగ్లండులో ఒకటో ఎడ్వర్డు రాజుగారి ఇంటి లెక్కల్లో 1290లో 450 గుడ్లకి రంగూ బంగారు రేకూ వేయించిన ఖర్చు 18 పెన్నీలని రాసి ఉంది. రాజుగారికి బంగారు రేకు. మనకి ఉల్లి పొట్టు. దీని రంగు చూశాక ఆ రేకు మీకు గుర్తు రాదు.

ఈ వారం నుంచి ఉల్లి పొట్టు పారెయ్యకండి, ఒక సంచిలో వేసుకుంటూ ఉండండి. ఎండు పొట్టు బాగా నిండిన రెండు గుప్పిళ్లు, లీటరు నీళ్లు, ఇరవై నిమిషాలు మరగనివ్వండి. ఎర్రటి కషాయంలా దిగుతుంది. వడకట్టి, పూర్తిగా చల్లార్చి, ఒక చెంచా వెనిగర్ కలపండి. పెంకు సున్నమే కదా, ఆ పులుపు తగిలితే రంగు బాగా పడుతుంది. ఎక్కువ పొయ్యకండి, పెంకు పొట్టు రేగుతుంది. బజార్లో తెల్ల గుడ్లు తీసుకోండి, నాటు గుడ్డు మీద రంగు తేలదు.

ఇప్పుడు దగ్గరికి రండి. ఇది చేసి చూపిస్తాను. ఇది చింత చిగురు. లేత రెబ్బ ఒకటి తుంచాను. గుడ్డుని తడిచేసి, రెబ్బని ఇలా పరిచి, ఆకులన్నీ పెంకుకి అతుక్కునేలా వేలితో నొక్కాలి. ఒక్క ఆకు లేచినా దాని కిందకి రంగు వెళ్లిపోతుంది. పైన పాత వాయిల్ చీర ముక్క, ఇంత చాలు. గట్టిగా లాగి వెనక దారంతో ముడి. చూశారా, గుడ్డ మీద ముడత ఉండకూడదు. దీన్ని రంగు నీళ్లలో మూడు నాలుగు గంటలు వదిలెయ్యాలి. అది అయ్యాక ఎలా ఉంటుందో ఇదిగో, నిన్న చేసింది. గుడ్డంతా ఇటుక రంగు, మధ్యలో చింతాకు తెల్లగా, ఈనెతో సహా. కొత్తిమీరతో కూడా వస్తుంది, కాకపోతే చింతాకు అంత స్పష్టంగా రాదు. చివర్లో ఒక్క చుక్క నూనె అరచేతికి రాసుకుని గుడ్డుని తుడిస్తే మెరుపు వస్తుంది. పసుపు రంగు కావాలంటే పసుపు, నీలం కావాలంటే శంఖపుష్పాలు, అదే పద్ధతి.

ఒక ప్రశ్న వచ్చింది, మంచి ప్రశ్న. ముందు ఖాళీ చేసి రంగెయ్యాలా, రంగేసి ఖాళీ చెయ్యాలా అని. రంగేసి ఖాళీ చెయ్యండి. ఖాళీ పెంకు నీళ్ల మీద తేలుతుంది, ఒకవైపే రంగు పడుతుంది. పచ్చి గుడ్డుకి రంగేసి, ఆరాక, రెండు కొనల్లో దబ్బనంతో చిల్లులు పెట్టండి. కిందది కొంచెం పెద్దది. సొన చితికేలా లోపల ఒకసారి కలిపి, పైనుంచి ఊదండి, గిన్నెలోకి దిగుతుంది. ఆ రోజే అట్టు వేసుకోండి. ఉడకబెట్టిన గుడ్లని అలంకరణకి పెట్టి, సాయంత్రం పిల్లలకి పెట్టడం మాత్రం వద్దు. ఏప్రిల్ వేడిలో ఉడికిన గుడ్డు గంటకి మించి బయట ఉంటే తినకూడదు. కళ్లకి పెట్టేది వేరు, నోటికి పెట్టేది వేరుగా ఉంచండి.

ఈ పని ఎప్పుడు? బుధవారం, ఏప్రిల్ 1. 1936లో ఒడిశా ఏర్పడిన రోజు, ఉత్కళ దివస్, బళ్లకి సెలవు. పిల్లలు ఇంట్లోనే ఉంటారు. పక్కింటి ఒడియా పిల్లల్ని కూడా పిలవండి. మా వీధిలో పోయినసారి ఏడుగురు కూర్చున్నారు, ఎవరి గుడ్డు ఎవరిదో పెన్సిల్‌తో అడుగున పేర్లు రాశాం. తెలుగులో రాసినవాళ్లున్నారు, ఒడియాలో రాసినవాళ్లున్నారు. ఆ గుడ్లు ఇంకా మా అద్దాల బీరువాలో ఉన్నాయి.

పూల గురించి తొందరగా చెబుతాను. ఫోటోల్లో కనబడే ఈస్టర్ లిల్లీ జపాన్ దీవుల పువ్వు, మన దగ్గర దాని కోసం వెతుక్కోనక్కర్లేదు. మనం లిల్లీ అనే నేల సంపెంగ, ఒడియా వాళ్ల రజనీగంధ, తెల్లటిది, వాసనున్నది, ఐదారు కాడలు చాలు. కాడ ఏటవాలుగా కొయ్యండి, రోజూ నీళ్లు మార్చండి. మల్లెలు కూడా వస్తున్నాయి, ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి తేలెయ్యండి. వేపపువ్వు వద్దు, అన్నంలో రాలుతుంది. గన్నేరు అసలే వద్దు. తెల్ల గన్నేరు చూడ్డానికి ఎంత బాగున్నా దాని ఆకూ పువ్వూ కాడా అంతా విషమే. తిండి బల్ల దగ్గరికి రానివ్వకండి.

కొవ్వొత్తి దగ్గర కొంచెం ఆగుతాను. కొన్నేళ్ల కింద మా ఇంట్లో ఎండిన మట్టలతో పెద్ద దండ అల్లి, మధ్యలో మూడు కొవ్వొత్తులు పెట్టాను. అందరం కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నాం. ఫ్యాను తిరుగుతోంది. చిటపట వినబడి కళ్లు తెరిచేసరికి దండ సగం అంటుకుంది. మా కోడలు చెంబు నీళ్లు పోసింది కాబట్టి సరిపోయింది. మా అత్తగారు చేత్తో కుట్టిన బల్లగుడ్డ కాలిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవునికి స్తోత్రం. అందుకని చెబుతున్నాను, కొవ్వొత్తి ఎప్పుడూ గాజు గ్లాసులోనే. గ్లాసులో సగం వరకు ఇసుక, అందులో కొవ్వొత్తి, గ్లాసు అంచు కంటే మంట కిందే ఉండాలి. ఎండాకు జానెడు దూరం. ఫ్యాను ఆపలేకపోతే కొవ్వొత్తి వెలిగించకండి.

ఎత్తు సంగతి. మోచెయ్యి బల్ల మీద పెట్టి, పిడికిలి గడ్డం కింద ఆనించండి. అందరూ పెట్టండి ఒకసారి. ఆ పిడికిలి దాటి ఏదీ లేవకూడదు. ఎందుకు? ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కనబడాలి. ఏడాదికోసారి వచ్చే అన్నయ్య ముఖం పూలగుత్తి వెనక దాక్కుంటే ఆ పూలెందుకు?

మాకు బల్లే లేదక్కా అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఎవరమ్మా? నువ్వు అడిగింది చాలా అవసరమైన మాట. మా చిన్నప్పుడు మాకూ లేదు. గుళ్లో ప్రేమ విందుకి కూడా నేల మీదే బంతులు వేస్తాం కదా. బంతి మధ్యలో పెద్దది పెడితే వడ్డించేవాళ్ల కాలికి తగులుతుంది. నేల బంతికి ఆవాలు మొలిచిన పెంకులే సరిపోతాయి. చిన్న పిడతలో ఇసుక పోసి మూడు పెంకులు నిలబెట్టి, నలుగురికి ఒక పిడత. భోజనాలయ్యాక పిల్లలు ఎవరి పెంకు వాళ్లు ఇంటికి తీసుకుపోతారు, పెంకు నలిపి మొక్కతో సహా పెరట్లో పెట్టేస్తారు. మన సంఘం ప్రేమ విందుకి ఈసారి అలాగే చేద్దామని నా కోరిక. ఎంత మంది ఉంటారు, నూట యాభై? అయితే నలభై పిడతలు, పెంకులు నూట ఇరవై. రోజూ ఇంట్లో వాడే గుడ్ల పెంకులు దాచి పెడితే మట్టల ఆదివారానికి ఆ లెక్క తేలిగ్గా వస్తుంది.

ఖర్చు అడిగారు. ఈ చేటకి గోధుమలు ఇరవై రూపాయలు కూడా కాలేదు. ముంత పగిలింది, రాయి ఏటిది, మట్టి పెరటిది. గుడ్లు ఎలాగూ తినేవే. పూలకి యాభై అనుకోండి.

ఇంక చేతులు కడుక్కుని మొదలుపెడదాం. పెంకులు ఆ బుట్టలో ఉన్నాయి, మట్టి ఈ తట్టలో ఉంది. ఇక్కడ చిల్లు పెట్టడం నేర్చుకోండి, ఆవాలు మాత్రం ఇవాళ చల్లకండి, పండుగకి ముందే ముదిరిపోతాయి. ఈ డబ్బాలోంచి ఒక్కో చెంచా పొట్లం కట్టుకుని వెళ్లండి, మట్టల ఆదివారం గుడినుంచి వచ్చాక చల్లుకుందురు గాని. పిన్నిగారూ, మీ పొట్లం నేను కడతాను, ఇలా ఇవ్వండి.